ముందు నా కాళ్ళు పైకెత్తండి

నాకు కళ్ళు తిరిగితే దయచేసి నన్ను లేపి కూర్చోబెట్టకండి. మొహాన నీళ్ళు కొట్టకండి. చుట్టూ మూగి విసనకర్రలు విసరకండి. నా చక్రాల కుర్చీని వెనక్కి వాల్చి, తల కిందికీ కాళ్ళు పైకీ వచ్చేలా పట్టుకోండి. అంతే. కాసేపట్లో నేను మళ్ళీ మీతో మాట్లాడతాను, అవసరమైతే పోట్లాడతాను కూడా.

ఈ నాలుగు ముక్కలకు జనాన్ని ఒప్పించడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. వాళ్ళకు అర్థం కాక కాదు. అర్థమైంది. కాకపోతే ఆడమనిషి, అందులోనూ ఒక ఇంటి కోడలు, ఆపైన పిల్లలకు చదువు చెప్పే టీచరు, నలుగురిలో కాళ్ళు పైకెత్తడమేమిటని వాళ్ళ బాధ. నేను స్పృహలో ఉన్నానా లేదా అన్నదానికంటే నా పాదాలు ఎవరి మొహం వైపు ఉన్నాయన్నది పెద్ద విషయమైపోయింది. ఆ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. నాలాంటి వాళ్ళు ఇంకొకరి ఇంట్లో ఉంటే, వాళ్ళ పక్కనున్న వాళ్ళకైనా పనికొస్తుంది.

నేను లెక్కల టీచర్ని. అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్ళో ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తాను. అత్తవారి ఊరు చల్లపల్లికి దగ్గర. రోజూ స్కూటీ మీద వెళ్ళొచ్చేదాన్ని. నేను పడిపోయిన డిసెంబర్లో కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. మా వైపు కోతలైతే రోడ్డు సగం రోడ్డుగా ఉండదు, కళ్ళమైపోతుంది. తారు మీద వడ్లు ఆరబోసి, బళ్ళు ఎక్కకుండా చుట్టూ బండరాళ్ళు పేరుస్తారు. పొద్దున వెళ్ళేటప్పుడు ఆ రాళ్ళు లేవు. బడి నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది, ఎదురుగా లారీ దీపాలు కళ్ళలో పడ్డాయి, ముందు చక్రం రాయికి తగిలింది. వడ్ల మీద పడ్డాను. మెత్తగానే పడ్డాననుకున్నాను. లేద్దామంటే కాళ్ళు లేవు. ఉన్నాయి, నాకు తెలియడం లేదు. ఎవరి వడ్లో నేను అడగలేదు. వాళ్ళూ వచ్చి చెప్పలేదు. ఆ రాళ్ళు మర్నాడు కూడా అక్కడే ఉన్నాయని మా ఆయన ప్రసాద్ తర్వాత చెప్పారు. ఆయన చల్లపల్లిలో ఒక రైసు మిల్లులో లెక్కలు రాస్తారు. వడ్ల లోకమంతా ఆయనకు తెలిసిందే.

విజయవాడలో ఆపరేషన్ చేశారు. వెన్నెముక ఛాతీ పైభాగం దగ్గర దెబ్బతిందని, అక్కడి నుంచి కిందికి కదలిక, స్పర్శ రాకపోవచ్చని డాక్టరు మెల్లగా చెప్పాడు. ఏడ్చాను. బాగా ఏడ్చాను. ఆ తర్వాత మనసు దానంతటదే ఒక లెక్క వేసుకుంది. చేతులు బాగున్నాయి. తల బాగుంది. గొంతు బాగుంది. తొమ్మిదో తరగతికి బీజగణితం చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? కూర్చోగలిగితే చాలు. మళ్ళీ నా క్లాసులోకి వెళ్తాను. ఆ రోజు నుంచి నా పట్టుదల ఒక్కటే.

కూర్చోలేకపోయాను. మంచం తలవైపు కాస్త ఎత్తగానే మెడా భుజాలూ ఎవరో బరువు వేలాడదీసినట్టు లాగేవి. ఆవలింతలు వచ్చేవి, నిద్రకు సంబంధం లేని ఆవలింతలు. నర్సు మాట పక్క వార్డులోంచి వస్తున్నట్టు వినిపించేది. తర్వాత చుట్టూ నల్లబడి, మధ్యలో ఒక్క వెలుగు చుక్క మిగిలి, అదీ పోయేది. మళ్ళీ పడుకోబెడితే లోకం తిరిగొచ్చేది. "భయపడుతున్నావమ్మా, ధైర్యంగా ఉండు" అని పక్క మంచం వాళ్ళు సలహా. నా ధైర్యానికీ దీనికీ ఏమీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. లేచినప్పుడు కాళ్ళలోకి, పొట్టలోకి జారిన రక్తాన్ని పైకి తోయాలని నరాలు కబురు పంపాలి. నాకు ఆ కబురు దెబ్బ తగిలిన చోటే ఆగిపోతోంది. కాలవ షట్టరు ఎత్తి వదిలేస్తే నీళ్ళన్నీ పల్లపు చేలోకి పోయి, మెరక చేను ఎండినట్టు. ఇది నాకు వెంటనే అర్థమైంది, డెల్టాలో పుట్టినదాన్ని కదా. పొట్టకు బిగుతుగా బెల్టు, కాళ్ళకు బిగుతు మేజోళ్ళు, పొద్దున లేవకముందే ఒక మాత్ర, నీళ్ళు, ఉప్పు, ఒక్కసారిగా కాకుండా అంచెలంచెలుగా లేవడం. ఇన్ని చేసినా పడిపోతుంటే తల కిందికి, కాళ్ళు పైకి. ఆ చివరి మాట దగ్గరే నా కథంతా మొదలైంది.

ఫిబ్రవరిలో గుడివాడలో అమ్మ దగ్గరకు వెళ్ళాను. అమ్మకు ఏదీ రెండోసారి చెప్పాల్సిన పని లేదు. మంచం కాళ్ళ వైపు రెండు ఇటుకలు పెట్టేది, తీసేది, విసుక్కోకుండా. కానీ చూడటానికొచ్చే వాళ్ళు ఉన్నారే! బీపీ అనే మాట వినగానే ప్రతివాళ్ళూ డాక్టర్లే. మా పెద్దమ్మ ఒకరోజు నా కంచంలోంచి ఆవకాయ ముక్క తీసేసింది. "బీపీ అంటున్నారు, ఉప్పూ కారం తగ్గించవే తల్లీ" అంది. "నాకు పెరిగే బీపీ కాదు పెద్దమ్మా, పడిపోయే బీపీ. నాకు ఉప్పు మందు" అన్నాను. "ఏ బీపీ అయితే ఏంటి, బీపీ బీపీయే" అని ముక్క మళ్ళీ వెయ్యలేదు. ఆవిడ వెళ్ళేదాకా ఆగి అమ్మ సీసా తెచ్చి నా పక్కన పెట్టింది. ఇద్దరం చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాం.

మార్చి, ఏప్రిల్ నెలలు బందరులో గడిచాయి. అక్కడ ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌లో వాల్చే బల్ల ఉంది. దాని మీద పడుకోబెట్టి బెల్టులతో కట్టి, మెల్లగా నిలువుకు తెస్తారు. నిలబడ్డట్టే ఉంటుంది కానీ నిలబెట్టేది బల్ల. నా డాక్టరమ్మ చిన్నదే, నాకంటే చిన్నది, పని మాత్రం గట్టిది. "కాస్తంత వాలు ఎక్కువైనా చెప్పండక్కా. ఓర్చుకోవద్దు. ఇందులో ఓర్పుకి మార్కుల్లేవు" అనేది. ఆ మాట నాకెంత ఊరటనిచ్చిందో చెప్పలేను. పుట్టినప్పటి నుంచి ఓర్చుకోమనే అందరూ చెప్పారు. వద్దన్నది ఆమె ఒక్కతే.

అయితే ఆమె దగ్గరకు చేరేదాకా వేచి ఉండే గది ఉంది. బందరు ఎండ, తిరిగీ తిరగని ఫ్యాను, ఉప్పగాలి. ఎండ తగిలితే నా బీపీ ఇంకా త్వరగా పడిపోతుంది. ఒకరోజు నా వంతు ఎప్పటికీ రావడం లేదు. చూపు అంచులు నల్లబడుతున్నాయి. "ఏవండీ, కాళ్ళు" అన్నాను. ప్రసాద్ నా కుర్చీని వెనక్కి వాల్చబోయారు. కౌంటరు దగ్గరమ్మాయి గట్టిగా అరిచింది. "సార్, ఇక్కడలా చెయ్యకండి, అందరూ చూస్తున్నారు. లోపలికి వెళ్ళాక చేసుకోండి." లోపలికి పిలిచే మనిషి తనే! ప్రసాద్ మెతక మనిషి, కుర్చీ మళ్ళీ దించేశారు. అప్పటికి నా నోట మాట రావడం లేదు. ఎదురు బెంచీ మీద ఒక పెద్దాయన, చెయ్యి విరిగిన మనవరాలితో వచ్చినాయన, ఏమనుకున్నాడో లేచి వచ్చాడు. నేల మీద కూలబడి నా రెండు పాదాలూ తీసి తన ఒళ్ళో, తర్వాత తన భుజం మీద పెట్టుకున్నాడు. "వద్దండీ, మీరు పెద్దవారు" అన్నాను చూపు వచ్చాక. "ఊరుకోమ్మా. నా కూతురి కాళ్ళయితే మొయ్యనా?" అన్నాడు. ఆయన పేరు అడగడం మర్చిపోయాను. ఆ గదిలో మిగిలిన వాళ్ళంతా గోడ మీద క్యాలెండరు వైపు చూస్తున్నారు. కౌంటరు అమ్మాయి మీద నాకింకా కోపమే. చిన్నపిల్ల, పోనీలే అని చాలాసార్లు అనుకున్నాను కానీ, పోవడం లేదు.

మే నెలలో మా ఇంటికి వచ్చాం. అసలు యుద్ధం అక్కడ.

మా మావయ్యగారు సంఘ పెద్ద. మా చర్చిలో ఆయన లేచి నిలబడితే పాస్టరుగారు కూడా ఒక మాట ఆపుకుంటారు. మంచి మనిషి. నా ఆసుపత్రి రోజుల్లో ఉపవాసాలున్నారు. అత్తయ్యగారు పోయాక ఇంటి బాధ్యత అంతా ఆయనదే. కానీ ఆయన ముందు నేనెప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. ఆయన వస్తే లేచేదాన్ని, కాళ్ళు వెనక్కి మడుచుకునేదాన్ని. ఇన్నేళ్ళూ అది మర్యాద అనుకున్నానే కానీ బరువనుకోలేదు. ఇప్పుడు ఆయన గదిలోకి వచ్చేసరికి కోడలి పాదాలు ఆయన గడ్డం వైపు చూస్తూ గాల్లో ఉంటే ఆయన మొహం మాడిపోయేది. చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేవారు. కాసేపటికి ప్రసాద్ వచ్చి, "నాన్న వచ్చినప్పుడైనా కొంచెం దించు సునీతా" అనేవారు.

"దించితే పడిపోతానండీ."

"ఒక్క ఐదు నిమిషాలేగా."

"ఆ ఐదు నిమిషాలే అండీ పడిపోయేది!"

భోజనం తర్వాత మరీ కష్టం. తిన్నాక రక్తమంతా పొట్టకు పోతుందట. అందరం కలిసి తినే బల్ల దగ్గర, మావయ్యగారి ఎదుట, నేను అన్నం సగంలో ఆపేసి కళ్ళు తేలేసిన రోజులు చాలా ఉన్నాయి. వాలిన తలను ప్రసాద్ చేత్తో పైకెత్తి పట్టుకునేవారు, తల నిలబడితే మనిషి నిలబడినట్టు. తర్వాత నేను గదిలోనే తినడం మొదలుపెట్టాను. ఇంట్లో ఉండి ఇంటికి దూరమయ్యాను. నేను మళ్ళీ క్లాసులో కూర్చోవాలంటే ఎక్కడైనా, ఎవరి ముందైనా కాళ్ళెత్తగలగాలి. ఇంట్లోనే కుదరనిది బళ్ళో ఎలా కుదురుతుంది? పడుకుని ఇదే ఆలోచించేదాన్ని. కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక ప్రసాద్ మీద తీర్చుకునేదాన్ని.

అప్పుడు నాకు దొరికిన మనిషి పక్కింటి రమణమ్మ పిన్నిగారు. మాగాణి ఉన్న పెద్ద రైతు భార్య, గొంతు మా వీధికంతా పరిచయం. వాళ్ళది హిందూ కుటుంబం, మాకు ఏ చుట్టరికమూ లేదు, అయినా పెళ్ళైన రోజు నుంచీ పిన్నిగారనే పిలుస్తాను. మధ్యాహ్నాలు వచ్చి నా మంచం పక్కన చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చునేది. మొదటిసారి నేను సోలిపోయినప్పుడు భయపడి కేకలు పెట్టింది. లేచాక చెప్పాను, ఇలా చేయాలి పిన్నిగారూ అని. రెండోసారి కేక పెట్టలేదు. కుర్చీ వాల్చి, దాని వెనక తోసే పిడులు తన ఒళ్ళో ఆనించుకుని, "కాళ్ళు ఆకాశానికెత్తావుగా, ఇంక లే, మీ మావగారి మీద చెప్పాల్సింది సగంలో ఆగింది" అంది. ఆవిడ మొరటుతనం నాకు ఏ మందూ ఇవ్వని బలమిచ్చింది.

జులైలో మావయ్యగారు కృతజ్ఞతా కూడిక పెట్టాలన్నారు. నేను ప్రాణాలతో బయటపడితే సంఘంలో సాక్ష్యం చెప్పిస్తానని, అంటే దేవుడు చేసిన మేలు నా నోటితోనే చెప్పిస్తానని, మొక్కుకున్నారట. అందులో నాకు అభ్యంతరమేమీ లేదు. చెప్పేదాన్నే. కానీ ఆయన సంఘంలో ప్రకటించేసింది వేరు. "వచ్చే ఆదివారం మా కోడలు నిలబడి సాక్ష్యం చెబుతుంది." నిలబడి! ఒప్పుకున్నావా అని తర్వాత చాలామంది అడిగారు. నన్నెవరూ అడగలేదు కదా ఒప్పుకోవడానికి. బందరులో బల్లకు కట్టి నిలబెట్టారని, మోకాళ్ళు మడతపడకుండా కాళ్ళకు బిగించే ఇనుప కాలిపర్లు ఉన్నాయని ఆయనకు తెలుసు. అవి ఉంటే నిలబడటమే అనుకున్నారు. "ప్రభువు నిన్ను లేపాడమ్మా. జనం చూడాలి" అన్నారు. "మావయ్యగారూ, కూర్చునే చెబుతాను. నిలబడితే పడిపోతాను" అన్నాను. "విశ్వాసముంటే పడిపోరమ్మా" అన్నారు ప్రేమగానే. పడిపోతే నాకు విశ్వాసం లేనట్టు. ఎంత తేలిగ్గా తేల్చేశారు! రక్తం కిందికి జారితే దానికి నా భక్తి ఏం చేస్తుంది?

ఆదివారం చర్చి నిండిపోయింది. బయట షామియానా వేశారు. భోజనాలకు బిర్యానీ వాసన లోపలిదాకా వస్తోంది. రమణమ్మ పిన్నిగారు పట్టుచీర కట్టుకుని ఆడవాళ్ళ వైపు వెనక వరసలో కూర్చుంది. పాట అయ్యాక ప్రసాద్, సంఘంలో ఇంకొకాయన చెరోపక్కా చంకల కింద చేతులేసి నన్ను నిలబెట్టారు. కాలిపర్లు టకటక బిగుసుకున్నాయి. ఎదుట రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల, దాని మీద తెల్లగుడ్డ, మైకు. చప్పట్లు, స్తోత్రాలు. కొందరు ఏడ్చారు. నిజం చెప్పొద్దూ, ఆ ఎత్తు నుంచి జనాన్ని చూస్తే నాకూ అలా చూస్తూనే ఉండాలనిపించింది. ఎన్నాళ్ళైంది మనుషుల కళ్ళను వాళ్ళ ఎత్తులో చూసి!

నేను మొదలుపెట్టేలోపే పాస్టరుగారు, "సహోదరి మాట్లాడకముందు ఆమె కోసం ప్రార్థిద్దాం. అందరం తలలు వంచి కళ్ళు మూసుకుందాం" అన్నారు.

మూసుకున్నారు. అందరూ. నన్ను పట్టుకున్న ఇద్దరూ కూడా.

ప్రార్థన సాగింది. రోడ్డు ప్రమాదం నుంచి, ఆపరేషన్ బల్ల నుంచి, ఒక్కొక్కటే పేరుపేరునా. నాకు ఆవలింత వచ్చింది. భుజాలు లాగాయి. ఆయన గొంతు దూరమైంది. దించండి అందామనుకున్నాను, పెదవులు కదిలాయో లేదో తెలియదు. ప్రసాద్ చెయ్యి గట్టిగా నొక్కాను. ఆయన, పిచ్చి మనిషి, ప్రార్థన నా మనసును కదిలించిందనుకుని, తిరిగి ప్రేమగా నొక్కారు. కళ్ళు తెరవలేదు. నా తల ముందుకు వాలింది. వాలితే ఏముంది? తల వంచడమే కదా ప్రార్థన. ఆమేన్, ఆమేన్ అంటున్నారు జనం. నాకు తెలిసిన చివరి సంగతి అదే.

మిగతాది పిన్నిగారు చెప్పింది. ఆ చర్చి మొత్తంలో ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకుంటుంటే, కళ్ళు మూసుకోవడం అలవాటు లేని మనిషి ఆవిడొక్కతే. నా పెదవులు నీలంగా మారడం చూసి వెనక నుంచి అరిచిందట. "కళ్ళు తెరవండయ్యా! పిల్ల పోతుంది!"

తెరిచారు. తెరిచి ఏం చేశారు? కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టారు! ఒకరు తల పట్టుకున్నారు, ఒకరు నీళ్ళు కొట్టారు, ఒకరు చీర కుచ్చిళ్ళు కాళ్ళ మీదికి సర్దారు. కొంచెం స్పృహ వస్తోంది, మళ్ళీ పోతోంది. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ పిన్నిగారు వచ్చి, "పడుకోపెట్టి కాళ్ళెత్తండి, నేనెరుగుదును" అంది. మావయ్యగారు అడ్డం వచ్చారట. "ప్రభువు బల్ల ముందా? ఇక్కడా? బయటికి తీసుకెళ్దాం."

"బయటికెళ్ళేలోపు ఏమన్నా అయితే మీదే పూచీ, తెల్సుకోండి!" అని ఆవిడే నన్ను చాప మీదికి జార్చింది. కాళ్ళు పెట్టడానికి ఎత్తుగా ఏదైనా కావాలి. దగ్గర్లో ఉన్నది పాస్టరుగారి కుర్చీ ఒక్కటే. ఎవరూ కదల్లేదు. అప్పుడు పాస్టరుగారే తన బైబిలు తీసి చంకలో పెట్టుకుని, కుర్చీని ఆవిడ వైపు తోశారు. ఆ ఒక్క పనికి ఆయన చేసిన అంత పొడుగు ప్రార్థననూ నేను క్షమించేశాను.

కళ్ళు తెరిచేసరికి ముందు కనిపించింది నా పాదాలు. మేజోళ్ళు తొడిగిన రెండు పాదాలు, పాస్టరుగారి కుర్చీ మీద, బల్ల వైపు చూస్తూ. వాటి మధ్యలోంచి మావయ్యగారి మొహం. ఆ మొహంలో నాకేమైందో అన్న కంగారు ఉంది. సిగ్గు అంతకంటే ఎక్కువ ఉంది. అది చూశాక నాకు ఎక్కడలేని ఒళ్ళుమంట పుట్టింది. "మైకివ్వండి" అన్నాను. తర్వాత చెప్పొచ్చులే అన్నారు. "ఇప్పుడే ఇవ్వండి" అన్నాను.

పడుకునే చెప్పాను. "మీరందరూ నా కోసం ప్రార్థించారు, వందనాలు. కానీ నేను పడిపోతున్నప్పుడు మీరందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. నన్ను పట్టుకున్న వాళ్ళు కూడా. నన్ను నిలబెట్టాలని మీకు అంత కోరిక ఉంది కానీ, నేను ఎలా ఉంటే బతుకుతానో అలా చూడటానికి మీకు సిగ్గుగా ఉంది. దేవుడికి నా పాదాలంటే సిగ్గు లేదు, ఆయనే చేశాడు. ఇకమీదట నా కోసం ప్రార్థన చేసేవాళ్ళు ఒక కన్ను తెరిచి చేయండి. నేను పడిపోతే కాళ్ళెత్తండి. నా సాక్ష్యం అయిపోయింది."

ఎవరూ ఆమేన్ అనలేదు. పిన్నిగారు మాత్రం "సరిగ్గా చెప్పింది" అంది, చర్చిలో అలా అనొచ్చో లేదో చూసుకోకుండా.

ఇంటికొచ్చాక మావయ్యగారు, "సంఘం ముందు నన్ను తలదించుకునేలా చేశావమ్మా" అన్నారు. "నేను స్పృహ తప్పి తలదించుకున్నాను మావయ్యగారూ. మీరు స్పృహలోనే ఉన్నారుగా" అన్నాను. అంత మాట అనగలనని నాకే తెలియదు. వారం పైనే మా మధ్య మాటల్లేవు. ప్రసాద్ ఇద్దరి మధ్యా నలిగిపోయారు. ఒక సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "నువ్వు నొక్కావు. నాకర్థం కాలేదు" అని ఏడ్చారు. నేను ఓదార్చలేదు. ఏడవనిచ్చాను. మర్నాటి నుంచి దించమని నన్ను ఎప్పుడూ అడగలేదు.

మావయ్యగారు పూర్తిగా మారిపోయారని రాస్తే అబద్ధమవుతుంది. ఇప్పటికీ నా కాళ్ళు పైకి లేస్తే గదిలో ఉండరు. కాకపోతే వరండాలో కూర్చుని, వచ్చిన వాళ్ళతో, "కాస్త ఆగండి, మా అమ్మాయి కాళ్ళు పైన పెట్టుకుంది, బీపీ పడింది" అని పైకే చెబుతున్నారు. భోజనానికి నేను మళ్ళీ బల్ల దగ్గరకే వస్తున్నాను.

మిగిలింది బడి. అక్కడ హెడ్మాస్టరుగారు. చేరతానని కబురు పంపితే ఇంటికే వచ్చారు, పళ్ళు తెచ్చారు, ఎంతో మర్యాదగా మాట్లాడారు. "మీరు విశ్రాంతి తీసుకోవాల్సిన సమయం మేడం. ఆఫీసు పనేదైనా చూద్దాం. క్లాసంటే... పిల్లల ముందు టీచరు అలా కాళ్ళు పైకి పెట్టి... క్రమశిక్షణ ఏముంటుంది చెప్పండి?" పళ్ళు వెనక్కి ఇచ్చేద్దామనిపించింది. దానికి బదులివ్వకుండా, "సార్, నాకిప్పుడు కొంచెం నల్లబడుతోంది, కుర్చీ వాల్చండి" అన్నాను. నిజంగానే నల్లబడుతోంది, ఆ సమయానికి అలా జరగడం నా అదృష్టం. ఆయన కంగారుగా వాల్చారు. "ఇప్పుడు తొమ్మిదో తరగతిలో మీకు నచ్చిన లెక్క అడగండి" అన్నాను. ఆయన సైన్సు మనిషి. ఆలోచించి, బహుపదుల్లో ఏదో అడిగారు. ఇంటి కప్పు చూస్తూ మెట్టు మెట్టుగా చెప్పాను. ఆయన పిడులు పట్టుకునే వింటూ మధ్యలో ఒకచోట "అదెలా వచ్చింది?" అన్నారు. చెప్పాను. కుర్చీ నిటారుగా నిలిపి నా ఎదుటికి వచ్చి కూర్చున్నారు. "ఈ సంవత్సరం చూద్దాం మేడం" అని లేచారు. పళ్ళు ఉంచుకున్నాను.

మళ్ళీ చేరాను. బడి వెనకటిలాగే ఉంది. నా కుర్చీ వెనక ఒక పొట్టి బల్ల వేయించారు. నేను చెయ్యెత్తితే ముందు వరసలో ఇద్దరమ్మాయిలు లేచి, కుర్చీని వెనక్కి వాల్చి పిడులు ఆ బల్ల మీద ఆనిస్తారు. మొదటిరోజు పిల్లలకు దాచకుండా చెప్పాను. మీ వైపు నా పాదాలు వస్తాయి, అది మీకు అగౌరవం కాదు, నాకు ఊపిరి. ఒక పిల్లాడు నవ్వాడు. నవ్వనిచ్చాను. మర్నాటికి నవ్వు అయిపోయింది, లెక్క మిగిలింది.

మొన్న కోతల రోజుల్లో ఒక అధికారిగారు తనిఖీకి వచ్చారు. ఎవరూ ముందు చెప్పలేదు. భోజనం తర్వాత పీరియడ్, నాకు అన్నింటికంటే కష్టమైన వేళ. బోర్డు మీద ఒక సమీకరణం, మొదటి వైపు తేలింది. తలుపు దగ్గర ఆయన, వెనక హెడ్మాస్టరుగారు. పిల్లలందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. అదే క్షణంలో నా చూపు అంచులు నల్లబడ్డాయి. పాత సునీత అయితే పళ్ళు బిగించి నిటారుగా ఉండేది, ఆయన వెళ్ళేదాకా. చెయ్యెత్తాను. ఇద్దరమ్మాయిలు వచ్చి కుర్చీ వాల్చారు. నా పాదాలు సూటిగా అధికారిగారి వైపు లేచాయి.

ఆయన గొంతు వినిపించింది, దూరం నుంచి. "ఏంటండీ ఇది? ఏమైంది ఆవిడకి?"

నాకు మాట వచ్చే స్థితి లేదు. హెడ్మాస్టరుగారి నోట ఏం వినబోతున్నానో తెలిసినట్టే ఉంది. క్షమించండి సార్, ఇప్పుడే దించమంటాను సార్.

"ఏం కాలేదండీ" అన్నారు హెడ్మాస్టరుగారు. "పాఠం జరుగుతోంది. మనం కాసేపు బయట నిలబడదాం."

చెప్పుల చప్పుడు వరండాలోకి వెళ్ళింది. కప్పు మీద ఫ్యాను మెల్లగా కనిపించడం మొదలైంది. "కూర్చోండి పిల్లలూ" అన్నాను. "రెండో వైపు ఏం మిగిలింది?"